బొత్తానికి ఎన్ని చిల్లులు

మా ఆఫీసులో జరిగే పని పరమ రహస్యం. కాబట్టి మేమేం చేస్తామో చెప్పను. సైనికుల చొక్కాల బొత్తాల మీద పరిశోధన చేస్తామని మాత్రం చెప్పగలను, ఎందుకంటే ఆ సంగతి గేటు మీద బోర్డులోనే ఉంది. విశాఖపట్నం దాటాక జీడిమామిడి తోటల మధ్య, అటుగా వెళ్ళే బస్సుల వాళ్ళందరికీ కనిపించేంత పెద్ద అక్షరాలతో ‘సైనిక బొత్తాల పరిశోధనా కేంద్రం’ అని రాసి ఉంటుంది. అసలు రహస్యం ఒక్కటే. బొత్తానికి ఎన్ని చిల్లులుంటాయన్నది. ఆ సంఖ్య తెలిస్తే శత్రువు ఏం చేస్తాడని నేనొకసారి అడిగాను. అది ఇంకా పెద్ద రహస్యం అన్నారు. మీరు మీ చొక్కా వంక చూసుకుని లెక్కపెట్టుకుంటే అది మీ ఇష్టం. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకండి.

నా పేరు ముకుందరావు. చిల్లుల విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. చిల్లుకీ చిల్లుకీ మధ్య దూరం సమానంగా ఉందో లేదో చూడడం నా పని. ఆఫీసు క్వార్టర్సులో కాపురం, పెరట్లో మా ఆవిడ ప్రభావతి పెంచిన కరివేపాకు చెట్టు, మధ్యాహ్నం నలుగురితో కలిసి భోజనం. ఇంతకంటే ఏం కావాలని నేను నిశ్చింతగా ఉన్న రోజుల్లో, ఎక్కడో ఏదో ఆఫీసులో ఎవరో ఎవరితోనో ఏదో చెప్పేశారట. దాంతో మాకు దండపాణి గారు వచ్చారు.

దండపాణి గారు కొత్త భద్రతాధికారి. మిలిటరీలో చేసి రిటైరైన మనిషి. ఆయన మీసం కూడా అటెన్షన్‌లో నిలబడి ఉండేది. వచ్చిన రోజునే సర్క్యులర్ తీశారు. ‘సిబ్బంది యొక్క భద్రతార్హతను, వ్యక్తిగత ప్రవర్తన మరియు విదేశీ సంబంధ బాంధవ్యములు అను రెండు అంశముల ప్రాతిపదికన పునఃపరిశీలించుటకు నిశ్చయించడమైనది. అర్హత లేనివారు కేంద్రము లోపలికి ప్రవేశింపరాదు. వారు సైకిళ్ళ షెడ్డునందు వేచియుండవలెను. నెలాఖరులోగా అర్హత పొందనిచో ఉద్యోగమును, క్వార్టర్సును వదలవలెను.’

ఆ సాయంత్రం ప్రభావతి కరివేపాకు చెట్టు దగ్గర చాలాసేపు నిలబడింది.

నా వంతు వచ్చింది. దండపాణి గారు ఎదురుగా కూర్చోబెట్టి మొదటి అంశం ఎత్తుకున్నారు.

“మీరు ఎప్పుడైనా అసత్యము పలికారా?”

“లేదండీ.”

ఆయన నా ముఖంలోకి చూసి, పైకి చదువుతూ రాసుకున్నారు. “సమాధానము నమ్మశక్యముగా లేదు.”

నేను కంగారుపడ్డాను. “అంటే, ఎప్పుడైనా ఒకటీ అరా ఆడి ఉంటానండీ.”

“అసత్యములాడు అలవాటు కలదు,” అని రాసుకున్నారు. “సరే. విదేశీయులైన బంధువులు ఉన్నారా?”

“ఎవరూ లేరండీ. మా అత్తగారు తప్ప.”

కలం ఆగింది. “ఎక్కడుంటారు?”

“యానాంలోనండీ.”

“యానాం మన దేశమేకదా?”

“యానాం మనదేనండీ. అత్తగారే మనవారు కారు. ఫ్రాన్సు పౌరురాలు.”

చెప్పక తప్పలేదు. యానాం ఒకప్పుడు పరాసు దొరల కింద ఉండేది. మా మామగారు వాళ్ళ సైన్యంలో పనిచేశారు. దొరలు వెళ్ళిపోయేటప్పుడు, మీరు ఫ్రాన్సు వాళ్ళుగా ఉంటారా, ఇండియా వాళ్ళుగా ఉంటారా అని అడిగితే, పింఛను పోతుందేమోనని ఆయన ఫ్రాన్సు అన్నారు. ఆయన ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ మా అత్తగారు సుభద్రమ్మ గారు సంతకం పెట్టారు. మామగారు పోయారు. ఆవిడ ఇప్పటికీ పరాసు పింఛను తీసుకుంటూ, గోదావరి గట్టునున్న అదే పెంకుటింట్లో ఉంటున్నారు.

“ఫ్రాన్సుకి ఎన్నిసార్లు వెళ్ళివచ్చారు?”

“ఆవిడ మా క్వార్టర్సుకి రావడం తప్ప కాకినాడ దాటి వెళ్ళలేదండీ. ఒకసారి ద్రాక్షారామం వెళ్ళారు, భీమేశ్వరస్వామిని చూడడానికి.”

“ఎవరి దృష్టిలోనూ పడకుండా జీవిస్తున్నారన్నమాట,” అని ఆయన తల పంకించారు. “ఆవిడ నుండి మీకు ఏమైనా ముడుతున్నదా?”

“ఏటా ఒక జాడీ ఆవకాయ పంపుతారండీ.”

“ఆవకాయకు కావలసిన సరుకులు దేనితో కొంటారు?”

“పింఛనుతోనేనండీ.”

దండపాణి గారు కుర్చీలో వెనక్కి వాలారు. “అనగా, ఒక విదేశీ ప్రభుత్వపు నిధులతో తయారైన ఆవకాయను, రక్షణ శాఖకు చెందిన ఒక ఉద్యోగి, ప్రతి సంవత్సరమూ స్వీకరిస్తూ, అన్నములో కలుపుకుని తింటున్నాడు!”

అలా అనేసరికి నాకే ఒళ్ళు జలదరించింది.

కానీ ఆయన దుర్మార్గుడు కాదు. నిబంధనలు తిరగేసి ఒక దారి వెతికి పెట్టారు. విదేశీ బంధువుతో సంబంధం పూర్తిగా తెగిపోయి ఉంటే ఆ దోషం పోతుంది. తెగిందనడానికి ప్రమాణం ఏమిటా అని పెద్ద కమిటీ ఒకటి కూర్చుని ఆలోచించిందట. మన వాళ్ళలో కోర్టు కాగితాల కంటే, పంపకాల కంటే గట్టిది ఒకటుంది. మాటల్లేకపోవడం. ‘వాళ్ళకీ మాకూ మాటల్లేవు’ అంటే ఇక పెళ్ళికి పిలుపుండదు, చావుకి కబురుండదు, ఎదురుపడితే పలకరింపుండదు. అంచేత అధికారి సమక్షంలో పోట్లాడి మాటలు మానేసిన వారికి ‘మాటల్లేవు ధ్రువపత్రం’ ఇస్తారు.

“అత్తగారికి ముందే సంగతి చెప్పి, ఊరికే పోట్లాడినట్టు చేయొచ్చాండీ?” అని అడిగాను.

“శాఖాపరమైన సమాచారమును విదేశీ పౌరురాలికి అందించెదరా?” అన్నారు దండపాణి గారు.

అప్పటికే ఆఫీసంతా పోట్లాటల్లో మునిగి ఉంది. పెంచిన మేనమామ దుబాయిలో ఉన్నందుకు స్టోర్సు గుమాస్తా ఆయన మీద కాగితాల కొద్దీ తిట్లు రాసి, తప్పులు దిద్దించుకుని పోస్టు చేశాడు. టైపిస్టు అనసూయమ్మ సింగపూరులో ఉన్న తమ్ముణ్ణి దండపాణి గారి ముందే ట్రంకు కాల్‌లో తిట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఏడ్చేసింది. అక్కకి ఒంట్లో బాగాలేదనుకుని ఆ అబ్బాయి అరడజను తలనొప్పి మందు సీసాలు పంపాడు. విదేశం నుంచి ప్రయోజనం పొందినట్టు ఆవిడ మీద ఇంకో కేసు పడింది.

ఈ గొడవేమీ అంటని వాడు ఒక్కడే. అకౌంట్సు ఏకాంబరం గారు. ఆయనకి అన్నదమ్ములతో మాటల్లేవు, బావమరుదులతో మాటల్లేవు, పక్కింటి వాళ్ళతో మాటల్లేవు. ఆఫీసులో కూడా ఎవరితోనూ లేవు. కారణం ఎవరికీ తెలియదు. అడుగుదామంటే మాటల్లేవు. దండపాణి గారు ఆయన ఫోటో తెప్పించి నోటీసు బోర్డులో పెట్టి, కింద ‘ఆదర్శ ఉద్యోగి’ అని రాయించారు.

ఒక ఆదివారం ప్రభావతినీ దండపాణి గారినీ వెంటబెట్టుకుని యానాం బస్సెక్కాను. పుట్టింటికి వెళ్తూ మా ఆవిడ కళ్ళు తుడుచుకోవడం అదే మొదటిసారి.

మేం వెళ్ళేసరికి అత్తగారు అరుగు మీద కొత్త జాడీకి వాసెన కడుతున్నారు. మమ్మల్ని చూడగానే లేచారు. “ఆయ్, అల్లుడుగారు! కబురైనా లేకుండా వచ్చేశారేంటండీ! ఈ బాబుగారెవరండీ?”

“మా ఆఫీసు వారండీ. గోదావరి చూద్దామని వచ్చారు.”

అసత్యములాడు అలవాటు కలదు అని ఆయన రాసుకున్నది నిజమే.

కాఫీ వచ్చింది. ఒక గుక్క తాగి, గ్లాసు ఠపీమని కింద పెట్టాను. “ఇది కాఫీయా? గేదె కుడితి నయం!”

దండపాణి గారు వాచీ చూసుకున్నారు. అత్తగారు మాత్రం నొచ్చుకోలేదు. “అయ్యో, చికోరీ ఎక్కువైపోయిందేమోనండీ. ఉండండి, వేరే కలిపి తెస్తాను,” అని పరుగున వెళ్ళి రెండో గ్లాసు తెచ్చారు. అది ఇంకా బాగుంది.

సరే, అల్లుడి ఆయుధం అల్లుడికి ఉండనే ఉంది. భోజనానికి లేవకుండా గోడవైపు తిరిగి పడుకుని అలిగాను. నా పెళ్ళిలో అలకపాన్పు మీద కూడా అంత శ్రద్ధగా అలగలేదు. అత్తగారు గుమ్మంలోకి వచ్చి సంతోషంగా నవ్వారు. “పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా అల్లుడుగారు నా మీద అలుగుతున్నారంటే ఎంత ముచ్చటండీ బాబుగారూ!” అని, బీరువాలోంచి జరీ పంచె తెచ్చి నా పక్కన పెట్టారు.

“మరొక విదేశీ ప్రయోజనము,” అని దండపాణి గారు గొణిగారు.

విస్తళ్ళు వేశారు. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆ రోజే తిరగ కలిపిన కొత్తావకాయ. సాక్షిగా వచ్చిన వాణ్ణి తినకూడదని దండపాణి గారు మొదట అన్నారు. “ఇంటికొచ్చిన మనిషి తినకుండా లేస్తే ఎలాగండీ?” అని అత్తగారు వడ్డించేశారు. మొదటి ముద్దకి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో ముద్దకి మీసం సడలింది. మూడోసారి అన్నం పెట్టించుకునేటప్పుడు, మేం ఎందుకొచ్చామో ఆయన పూర్తిగా మరిచిపోయారని నాకు అర్థమైంది.

బస్సు వేళవుతోంది. ప్రభావతి నా వంక చూసింది. క్వార్టర్సు, కరివేపాకు చెట్టు, సైకిళ్ళ షెడ్డు అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. గుండె రాయి చేసుకుని ఆ మాట అనేశాను.

“ఎందుకండీ ఇంత శ్రమ? బజార్లో సీసాల్లో అమ్మే ఆవకాయ ఇంతకంటే బాగుంటుంది.”

అత్తగారు వంటింట్లోంచి గుమ్మంలోకి వచ్చారు. నన్ను ఒకసారి చూశారు. చెయ్యి కడుక్కున్నారు. కొంగుతో తుడుచుకున్నారు. గోడవైపు తిరిగి, “ప్రభా, బస్సు టైమయిందని మీ ఆయనకి చెప్పమ్మా,” అన్నారు.

అంతే. మాటలు పోయాయి.

దారి పొడుగునా నేను కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. నాకు జ్వరం వస్తే బస్సు మారి బస్సు మారి వచ్చి కంది కట్టు కాచి పోసిన మనిషి ఆవిడ. పక్కన దండపాణి గారు గాఢంగా నిద్రపోయారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ‘శ్రీ ముకుందరావుకు ఫ్రాన్సు పౌరురాలగు అత్తగారితో మాటలు లేవని ధ్రువీకరించడమైనది. విదేశీ సంబంధ దోషము తొలగినది.’ ఎగిరి గంతేయబోయాను. కింద ఇంకో పేరా ఉంది. ‘అయితే, అన్నము పెట్టిన వృద్ధురాలిని అకారణముగా కించపరచుట అధికారి కళ్ళారా చూచియున్నందున, వ్యక్తిగత ప్రవర్తన అను అంశమున సదరు ఉద్యోగి అనర్హుడు.’

పరుగెత్తుకుంటూ వెళ్ళాను. “మీరు చెయ్యమంటేనే కదండీ చేశాను!”

“చెయ్యమన్నది విదేశీ సంబంధముల విభాగము,” అన్నారు దండపాణి గారు. “శిక్షించునది ప్రవర్తన విభాగము. రెండూ నా వద్దనే ఉన్నవి గానీ, ఒకదాని విషయము మరొకదానికి చెప్పరాదు.”

“పోనీ, వెళ్ళి క్షమించమని అడిగితే?”

“ప్రవర్తన బాగుపడును. మాటలు కలియును. విదేశీ సంబంధము పునరుద్ధరింపబడును. ఆవిడతో ఒక్క మాట మాట్లాడిన చాలు, ఈ ధ్రువపత్రము రద్దు. ఇట్లే ఉన్నచో ప్రవర్తన మీద అప్పీలుకు అవకాశము కలదు.”

నేను సైకిళ్ళ షెడ్డుకి వెళ్ళాను. దండపాణి గారి నిజాయితీ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. ఆయన ఆ మధ్యాహ్నమే తన గురించి తనకే నోటీసు ఇచ్చుకున్నారు. మూడుసార్లు వడ్డించుకున్నట్టు విచారణలో ఒప్పుకున్నారు. తనను తాను అనర్హుణ్ణి చేసుకుని, సెల్యూట్ కొట్టి, కుర్చీ తెచ్చుకుని షెడ్డులో నా పక్కన కూర్చున్నారు. పోతూ పోతూ ఇంకో ఉత్తర్వు పడేశారు. ఇన్నేళ్ళుగా మధ్యాహ్నం నా క్యారేజీలోంచి ఆవకాయ వేసుకున్న వాళ్ళందరూ అనర్హులు. అంటే చిల్లుల విభాగం మొత్తం, స్టోర్సు, టైపు సెక్షను. డైరెక్టర్ డాక్టర్ సీతాపతి గారు ప్రతి వేసవిలోనూ ఒక చిన్న సీసాడు ఇంటికి కూడా పట్టుకెళ్ళేవారు. ఆయన సూటుతో వచ్చి సైకిలు క్యారియరు మీద కూర్చున్నారు.

లోపల మిగిలింది ఏకాంబరం గారొక్కరే. ఆయనకి కడుపులో పుండు. కారం తినరు.

ఇకనుంచి బొత్తానికి ఎన్ని చిల్లులో తెలుసుకునే అర్హత దేశం మొత్తం మీద ఏకాంబరం గారికి మాత్రమే ఉంది. ఫ్యాక్టరీ వాళ్ళు ఎన్ని చిల్లులు పెట్టమంటారని ఉత్తరం రాశారు. ఏకాంబరం గారు దాని మీద ‘చూశాను’ అని రాసి ఫైల్లో పెట్టారు. ఆయనకి ఫ్యాక్టరీతో మాటల్లేవు. మళ్ళీ రాశారు. మళ్ళీ చూశారు. విసిగిపోయి ఫ్యాక్టరీ వాళ్ళు చిల్లుల్లేకుండానే బొత్తాలు పోసి లారీల్లో పంపించేశారు.

ఒక పటాలం మొత్తం పిన్నీసులు పెట్టుకుని కవాతు చేస్తోందని షెడ్డులోకి కబురొచ్చింది. ఢిల్లీ నుంచి గట్టి అక్షింతలు పడ్డాయి. వారంలోగా చిల్లులు పడాలి, లేకపోతే కేంద్రం మూసేస్తాం అన్నారు. సీతాపతి గారు క్యారియరు మీదే సమావేశం పెట్టారు. దండపాణి గారు నిబంధనల పుస్తకం తిరగేసి తిరగేసి ఒకచోట వేలు పెట్టారు.

“విదేశీ సలహాదారునకు భద్రతార్హత అవసరము లేదు! విదేశీయునికి తన దేశముతో గల సంబంధము విదేశీ సంబంధము కానేరదు గదా!”

అందరం ఆ తర్కానికి తల వంచాం.

“అయితే వెంటనే ఒక విదేశీయుణ్ణి రప్పించాలి,” అన్నారు సీతాపతి గారు. “బొత్తాల మీద అవగాహన ఉండాలి. సైన్యంతో సంబంధముంటే మరీ మంచిది. వారంలో రావాలి, ఖర్చు ఎక్కువ కాకూడదు.”

ఒక్కొక్కరే నా వంక తిరిగారు.

ఆ విధంగా శ్రీమతి సుభద్రమ్మ గారు, ఫ్రాన్సు పౌరురాలు, మాజీ సైనికుడి కోట్లకు జీవితాంతం బొత్తాలు కుట్టిన అనుభవశాలి, మా కేంద్రానికి అంతర్జాతీయ సలహాదారుగా నియమితులై, ఆర్టీసీ బస్సులో, ఒడిలో జాడీ పెట్టుకుని దిగారు. డైరెక్టరు దండ వేశారు. ఆవిడ అందరికీ నమస్కారం పెట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి కళ్ళు దించుకుని, నన్ను దాటుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మేమంతా బయట కిటికీ దగ్గర గుమిగూడాం. లోపల బల్లకి అటు ఏకాంబరం గారు, ఇటు అత్తగారు. ఆయన చిల్లుల్లేని బొత్తాం ఒకటి ఆవిడ ముందుకు తోశారు.

“ఇదేంటండీ, చింతపిక్కా?” అన్నారు అత్తగారు.

ఏకాంబరం గారు పలకలేదు.

“బొత్తామా! చిల్లులేవండీ?”

పలకలేదు. అత్తగారు ఆయన్ని జాలిగా చూశారు. “మీకూ ఎవరితోనో మాటల్లేవా బాబుగారూ?” అని, కిటికీ వైపు తిరిగి గొంతెత్తారు. “చూడండీ, ఈ బొత్తానికి పెట్టాల్సిన చిల్లులు...”

“చెవులు మూయుడు!” అని దండపాణి గారు ఆజ్ఞాపించారు. అందరం రెండు చేతులతో చెవులు మూసుకున్నాం. అత్తగారు ఏదో సంఖ్య చెప్పారు. మాకు వినబడలేదని వెంటనే తలో కాగితం మీద సంతకం పెట్టాం. ఆవిడ సూది కాల్చి రెండు మూడు నమూనా బొత్తాలకి తనే చిల్లులు పొడిచి, ఒకటి గుడ్డలో మూటగట్టి ఫ్యాక్టరీకి పంపించారు. పటాలానికి బొత్తాలు పడ్డాయి. కేంద్రం బతికింది.

పని అయ్యాక ఆవిడ జాడీ విప్పారు. ఘాటు కిటికీ దాటి షెడ్డు దాకా వచ్చింది. ఏకాంబరం గారు ముక్కు ఎగబీల్చి, కడుపు పట్టుకుని అడ్డంగా తల ఊపడం నా కళ్ళతో చూశాను. “వద్దంటే మానేయండి, కడుపునిండా పెరుగన్నం తిని, చివర్లో ఊరికే నాలిక్కి రాసుకోండి,” అన్నారు అత్తగారు. ఆయన రాసుకున్నారు. ఇంకోసారి రాసుకున్నారు. తరవాత, మా కేంద్రం చరిత్రలో ఎన్నడూ ఎవరూ వినని గొంతు ఒకటి వినిపించింది.

“ఇంకాస్త వెయ్యండి.”

దండపాణి గారు కళ్ళు మూసుకున్నారు. సాయంత్రానికి ఏకాంబరం గారు కూడా షెడ్డులో ఉన్నారు, ఏ అన్న ఎప్పుడు ఏమన్నాడో మొదటినుంచీ చెబుతూ. కేంద్రం లోపల అర్హత ఉన్న మనిషి ఇక మా అత్తగారొక్కరే.

ఆవిడ మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. నేను మెట్ల కింద ఉన్నాను. ఆవిడ వరండా స్తంభం వైపు తిరిగారు.

“స్తంభమా, ఆ కింద నిలబడ్డాయనకి చెప్పు. ఈ ఏటి జాడీ తెచ్చాను. బజారు సీసా కంటే బాగాలేదనుకుంటే మా ప్రభ ఒక్కతే తింటుంది.”

నోరు తెరిచాను. వెనకనుంచి దండపాణి గారు నా చెయ్యి పట్టుకున్నారు. “జాగ్రత్త! ఒక్క మాట చాలు, ధ్రువపత్రము రద్దు. నెలాఖరుకు ఉద్యోగము, క్వార్టర్సు!”

ఆయన చెయ్యి విడిపించుకున్నాను. అమ్మ వచ్చిందని క్వార్టర్సు నుంచి వచ్చిన ప్రభావతి పక్కనే నిలబడి ఉంది.

“అత్తగారూ,” అన్నాను. స్తంభానికి కాదు, ఆవిడకే. “నేనన్నది పచ్చి అబద్ధమండీ. ఉద్యోగం పోతుందని అన్నాను. బజారు సీసా ఆవకాయ నేనెప్పుడూ రుచి కూడా చూడలేదు.”

ఆవిడ స్తంభాన్ని వదిలి నా వైపు తిరిగారు. “ఆయ్, ఆ మాత్రం నాకు తెలీదేంటండీ?” అన్నారు. “అన్నం చల్లారిపోతంది, రండి.”

దండపాణి గారు ఒక చేత్తో నా ధ్రువపత్రం రద్దు చేస్తూ, రెండో చెయ్యి కడుక్కుని విస్తరి ముందు కూర్చున్నారు. ఆ రాత్రి షెడ్డులో పాతిక మంది అనర్హులం పంక్తి భోజనం చేశాం. నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. మమ్మల్ని ఇంటికి పంపే ఉత్తర్వు టైపు చేయాల్సిన అనసూయమ్మ కూడా షెడ్డులోనే ఉంది కాబట్టి ఉత్తర్వు రాలేదు. జీతాలు షెడ్డుకే వస్తున్నాయి. కరివేపాకు చెట్టు కొత్త చిగుళ్ళు వేసింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక అత్తగారు నా చొక్కా వంక చూసి, “బొత్తాం ఊడిపోయిందేంటండీ అల్లుడుగారూ, ఇలా రండి,” అని, తను చిల్లులు పొడిచిన నమూనాల్లో మిగిలిన ఒకటి తీసి, అక్కడికక్కడే కుట్టి పళ్ళతో దారం తెంపారు. ఆవిడ కుడుతున్నంతసేపూ నేను తల పైకెత్తి షెడ్డు రేకుల వంకే చూశాను. ఇప్పటికీ ఆ చొక్కా తొడుక్కున్నప్పుడల్లా బొత్తాం ప్రభావతే పెడుతుంది. నేను కిందికి చూడను. నాకు అర్హత లేదు.